మగవని రాసిన పుర్రెలు

జూన్ 3, బుధవారం

కళ్ళు తెరిచేసరికి నా జుట్టులో ఎవరిదో చెయ్యి ఉంది. నా వేలంత చెయ్యి. దానికి గోళ్ళు కూడా ఉన్నాయి. అరవబోయి ఆగాను, ఎందుకంటే అమ్మ దోమతెర ఎత్తి పట్టుకుని నన్నే చూస్తోంది.

"కదలకు. ఇప్పుడే దానికి పట్టు చిక్కింది. జుట్టు దొరికేదాకా ఏడుపు మానలేదు," అంది.

ఉన్నికోతి పిల్ల. బూడిదరంగు బొచ్చు, తడి బొగ్గుల్లాంటి కళ్ళు. దగ్గర పెట్టుకుంటే పొగవాసన, దాని కింద పాలవాసన.

అన్నయ్య ఏటి ఎగువ నుంచి తెల్లవారకముందే వచ్చాడట. రెండు కోతుల్ని తెచ్చాడు. నేను వంటసాలలోకి వెళ్ళేసరికి వాటి బొచ్చు కాలిపోయి, పొయ్యి మీది తడకపై రెండూ ఒకేలా నల్లగా ఉన్నాయి. దగ్గరికి వెళ్ళి చూడలేదు. చూడాలనిపించలేదని కాదు.

మిర్తా వదిన ఆదివారం ప్రసవించింది. ఇంకా పాలు పడలేదు. ఉన్నికోతి పులుసు తాగితే పడతాయని ఈ ఏటి పొడుగునా ఎవరినడిగినా చెబుతారు. నేను పుట్టినప్పుడు నాన్నమ్మ అమ్మకి అదే పోసిందట. కాబట్టి అన్నయ్య వేటకి వెళ్ళడంలో తప్పు లేదు.

"ఆడవి అయిపోయాయి కదా అన్నయ్యా," అన్నాను. ఊరంతటికీ ఏడాదికి ఇరవై, అందులో ఆడవి ఆరు. ఆ ఆరూ ఏప్రిల్‌లోనే అయిపోయాయి. ఆ మాట సభలో పైకి చదివిందే నేను.

"రెండూ మగవే," అన్నాడు విల్దర్ అన్నయ్య బూట్లలోంచి నీళ్ళు వంపుతూ.

"మరి పిల్ల?"

అతను అమ్మ వైపు చూశాడు.

"చెట్టు మీంచి పడింది. దారిలో దొరికింది. అంతే కదరా?" అంది అమ్మ.

"అంతే."

వదిన అటు తిరిగి పడుకుని ఉంది. దోమతెరలో బిడ్డ ఏడుస్తోంది. నా తల మీద ఇదీ మొదలుపెట్టింది. కాసేపు ఏది ఎవరిదో తెలియలేదు.

జూన్ 4, గురువారం

కోతిపిల్లలు చెట్ల మీంచి పడతాయి. గాలివానకి పడతాయి. సోమవారం గాలి బాగానే వీచింది.

జూన్ 5, శుక్రవారం

శుక్రవారాలు పుర్రెల రోజు. వారంలో ఎవరేం కొట్టినా, పుర్రెని ఉడికించి శుభ్రం చేసి, శుక్రవారం బడి వెనక గదిలో నాకు అప్పగించాలి. వేటగాడి పేరు, కొట్టిన చోటు, ఆడో మగో రాసి చీటీ కట్టి పెట్టెలో పెడతాను. మూడు నెలలకోసారి ఇకితోస్ పట్నం నుంచి ఇంజనీరమ్మ వచ్చి ఆ పెట్టెలూ నా రిజిస్టరూ చూసి, అడవి ఎంతవరకు ఓర్చుకుంటుందో లెక్క కడుతుంది. ఆవిడ అసలు పేరు ఒఫేలియా. ఊళ్ళో నా చేతిరాతే బాగుంటుందని మాస్టారు చెబితే ఈ పని నాకిచ్చింది. "పరిమితి" అన్న మాట మొదట ఆవిడ నోటే విన్నాను. ఆరోజంతా దాన్ని బెల్లంముక్కలా నోట్లో తిప్పుకున్నాను. ఆవిడ చెప్పింది మరొకటి కూడా రాసి పెట్టుకున్నాను: ఉన్నికోతి రెండుమూడేళ్ళకి ఒక్క పిల్లనే కంటుంది, ఆడదాన్ని కొడితే పుట్టబోయే మందని కొట్టినట్టే.

అమ్మ రెండు పుర్రెల్నీ బూడిదతో తోమి ఆకులో కట్టిచ్చింది. గదిలో విప్పాను. ఒకదాని కోరలు నా చిటికెనవేలి కణుపంత ఉన్నాయి. రెండోదాని కోరలు బియ్యపు గింజల్లా ఉన్నాయి. కోరలు చూసి ఆడామగా చెప్పడం ఇంజనీరమ్మే నేర్పింది. నేర్పినందుకు మొదటిసారి ఆవిడ మీద కోపం వచ్చింది.

కింద అలమారలో మూడేళ్ళ నాటి పెట్టె ఉంది. చీటీలు ఎలుకలు కొరికేశాయి. అందులోంచి పెద్ద కోరల పుర్రె ఒకటి తీసి ఈ చిన్నదాని బదులు పెట్టాలి. ఎంతో పని కాదు. కానీ ముందు ఈ ఏటి పెట్టె తెరిచాను. పైనే సెరాపియో నాయనది ఉంది.

ఆయన నాకు బాప్తిస్మం నాడు తల పట్టిన జ్ఞానతండ్రి. మే నెలలో తనంతట తనే వచ్చి పుర్రె బల్ల మీద పెట్టి, "ఆడది తల్లీ. పై కొమ్మల్లో సరిగా కనపడలేదు. నాదే పొరపాటు, రాసుకో," అన్నాడు. ఆయన చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. నియమం ప్రకారం ఆయన తుపాకీ ఆరు నెలలు ఊరి వేట కమిటీ ట్రంకుపెట్టెలో ఉండాలి. నేనే తాళం వేశాను. రిజిస్టరులో ఆ గీత చివర, ఎవరూ అడగకపోయినా, "నియమం అందరికీ ఒక్కటే" అని రాశాను. అప్పుడది నాకు చాలా మంచి వాక్యంగా తోచింది.

ఆ వాక్యానికి కింద మూడో గీతలో ఈరోజు రాశాను. విల్దర్ మురయారి. ఎగువ ఏరు. మగ. దాని కింద మళ్ళీ మగ. చేతిరాత ఎప్పటిలాగే కుదిరింది.

చిన్న పుర్రెని దోనెలో తీసుకెళ్ళి మలుపు దాటాక నీళ్ళలో వదిలాను. వెంటనే మునగలేదు. కాసేపు నాతోపాటు వచ్చింది.

జూన్ 8, సోమవారం

రేవులో బట్టలు ఉతుకుతుంటే జొయిలా అత్త అవతలి తెప్ప మీంచి కేకేసింది.

"ఏమే పిల్లా, మీ ఇంట మగకోతి ఈనిందటగా?"

అందరూ నవ్వారు. పిల్ల నా తల మీదే ఉంది. దించితే ఏడుస్తుంది, ఏం చెయ్యను.

"పాలు కూడా అదే ఇచ్చిందా?" అంది ఇంకొకావిడ.

"మా ఆయన్ని మీ అన్న వెంట పంపిస్తానే ఈసారి. మగాళ్ళు కనడం నేర్చుకుంటే మనకి సగం బాధ తప్పుతుంది."

"నీ మొగుడా? ఆయనకి చేప కడగడమే రాదు."

ఎవరూ నా మీద నింద వేయలేదు. ఎవరి గొంతులోనూ కోపం లేదు. అందరి ఇళ్ళల్లోనూ బాలింతలుంటారు. జొయిలా అత్తయితే వెళ్ళేటప్పుడు పిల్లకి పెట్టమని పండిన అరటిపండు ఇచ్చింది.

నేనూ నవ్వాను. అందరికంటే గట్టిగా నవ్వాను.

జూన్ 9, మంగళవారం

బడి దారిలో సెరాపియో నాయన ఎదురుగా వస్తున్నాడు. పక్కనే ఉన్న కర్రపెండలం చేలోకి దిగి, ఏదో వెతుకుతున్నట్టు కూర్చున్నాను. ఆయన దాటి వెళ్ళేదాకా పిల్ల నోటి మీద చెయ్యి పెట్టి ఉంచాను.

జూన్ 12, శుక్రవారం

ఇల్దెబ్రాందో మామయ్య ఒక పుర్రె తెచ్చాడు. బల్ల మీద పెట్టి, "రాయి, మగది," అన్నాడు.

చూశాను. "కోరలు చిన్నవి మామయ్యా."

"ముసలిది. అరిగిపోయాయి."

"మిగతా పళ్ళు అరగలేదే."

ఆయన స్టూలు లాక్కుని తీరిగ్గా కూర్చున్నాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"మీ ఇంట్లో పిల్లకోతి ఎలా ఉంది? గంజి తాగుతోందా?"

ఎంతో ప్రేమగా అడిగాడు. తాగుతోందని చెప్పాను.

"పాపం. తల్లి లేని పిల్ల. జాగ్రత్తగా చూసుకోండి."

మగ అని రాశాను. పాత పెట్టెలోంచి ఇంకో పెద్ద కోరల పుర్రె తీసి దానికి చీటీ కట్టాను.

జూన్ 13, శనివారం

ఒక్కటే కదా. ఆయనకి కూడా ఏదో అవసరం ఉండి ఉంటుంది.

జూన్ 19, శుక్రవారం

నాలుగు పుర్రెలు. సాన్ హువాన్ పండుగ బుధవారమే, అందరికీ మాంసం కావాలి. నాలుగింట్లో మూడింటికి చిన్న కోరలు. తెచ్చినవాళ్ళు ఈసారి మగదని చెప్పను కూడా చెప్పలేదు. పేరూ చోటూ చెప్పి, మిగతాది నాకు వదిలేసి, బయట గుమ్మంలో కబుర్లు చెప్పుకుంటూ నిలబడ్డారు. ఆ మూడింటిలో ఒకటి ఊరిపెద్ద తెచ్చినది.

ఇంకో రెండు ఇళ్ళల్లోకి పిల్లకోతులు వచ్చాయి. "ఈ ఏడు చెట్లు కాయల్లాగా పిల్లల్ని రాలుస్తున్నాయి," అన్నాడట ఊరిపెద్ద. ఊరంతా ఆ మాట చెప్పుకుని నవ్వుతోంది.

అందరికీ నేనంటే ఇష్టం పెరిగింది. ఇంటికొస్తుంటే ముగ్గురు పిలిచి మసాతో అనే కర్రపెండలం కల్లు పోశారు. పులుపు నాలిక మీద ఇంకా ఉంది.

జూన్ 21, ఆదివారం

నేను చేసినదానికి పేరు వెతికాను. పొరపాటు. సర్దుబాటు. మొహమాటం. ఇంటి మర్యాద. వీటిలో ఒక్కటీ సరిపోలేదు. అయినా ఒకదాని కింద ఒకటి రాస్తే చూడ్డానికి బాగున్నాయని ఇంకో రెండు చేర్చాను. మాస్టారు ఈ నోటుపుస్తకం ఇచ్చేటప్పుడు, మాటలు తెలిసినకొద్దీ మనిషి నిజానికి దగ్గరవుతాడన్నారు. నాకు మాటలు ఎక్కువ తెలిశాక దాక్కోవడానికి చోట్లు ఎక్కువయ్యాయి.

ఇది కూడా బాగా రాశానే అనుకున్నాను, రాయగానే. సిగ్గుగా ఉంది.

జూన్ 24, బుధవారం

పండుగ. పొద్దున్నే అందరం ఏట్లో మునిగాం. మధ్యాహ్నం అమ్మ ఆకుపొట్లాల్లో అన్నం ఉడికించింది. మా పొట్లాల్లో పెట్టింది ఎగువ నుంచి వచ్చిన మాంసమే. సెరాపియో నాయన పొట్లంలో మాత్రం కోడిముక్క పెట్టింది. "ఆయనకి కోతిది పంపితే ఎక్కడిదని అడుగుతాడు," అంది.

రెండు వారాలుగా ఆయన ఇంటి వైపు వెళ్ళలేదు. ఈరోజు తప్పలేదు. పిల్లని ఇంట్లో వదిలి వెళ్ళాను.

ఆయన చేపల బుట్ట అల్లుతున్నాడు. తుపాకీ తగిలించే మేకుకి ఇప్పుడు టోపీ తగిలించి ఉంది. పొట్లం విప్పి, ఆవిరి పీల్చి, "మీ అమ్మ చెయ్యి ఎక్కడున్నా తెలుస్తుంది," అన్నాడు. ఆయన భార్య లేదు, కూతురింటికి పండక్కి వెళ్ళింది. తింటూ మాట్లాడాడు.

"తుపాకీ లేకపోతే చేతులకి ఏం తోచట్లేదు తల్లీ. ఊరికే నడుస్తున్నా. మొన్న ఉప్పుమట్టి గుంట దాకా వెళ్ళొచ్చా."

"ఏం కనపడ్డాయి నాయనా?"

"ఏం కనపళ్ళేదు. అదే నీకు చెబుదామనుకున్నా. మూడు మందలుండేవి అక్కడ. పొద్దున్నే కొమ్మలు విరిచే చప్పుడికి పక్కవాడి మాట వినపడేది కాదు. మొన్న నా దగ్గు నాకే వినపడింది."

నేను బుట్ట ఈనెలు సర్దుతూ కూర్చున్నాను.

"నీ పుస్తకంలో ఏముంది? ఆడవేమైనా పడుతున్నాయా?"

"లేదు నాయనా. జూన్‌లో అన్నీ మగవే."

"అన్నీనా?"

"అన్నీ."

ఆయన కోడిముక్క ఎముక శుభ్రంగా చప్పరించి ఆకులో పెట్టాడు. "మంచిదే అయితే. మనవాళ్ళకి చూపు మెరుగైంది. నాదే మందగించింది."

గొంతులో వెటకారం ఉందేమోనని వెతికాను. లేదు. ఉంటే బాగుండేది.

జూన్ 25, గురువారం

పిల్ల చచ్చిపోయింది.

పండుగ రోజు ఒంటరిగా వదిలేసినందుకో, గంజి పడకో. పొద్దున నా జుట్టు పట్టుకునే ఉంది, కానీ చల్లగా ఉంది. వేళ్ళు ఒక్కొక్కటీ విప్పాల్సి వచ్చింది. అమ్మ విప్పింది.

"పోనీలే. రేపు ఇంజనీరమ్మ వస్తోంది. ఇంక మనల్ని ఎవరూ ఏం అడగరు," అంది.

నాకూ అదే అనిపించింది. అమ్మ అనకముందే అనిపించింది. తల తేలికైంది, హాయిగా ఉంది, ఆ తర్వాతే ఏడుపొచ్చింది. ఈ వరుస మార్చి రాయకూడదు.

ఇంటి వెనక అన్నయ్య గొయ్యి తవ్వాడు. అమ్మ లోపలికి వెళ్ళాక అడిగాను.

"కాల్చేముందు చూశావా అన్నయ్యా?"

"ఏంటి?"

"దాని వీపు మీద పిల్లని."

అతను మట్టి కప్పడం పూర్తి చేశాడు. తర్వాత పార మీద చేతులానించి, "చూశా," అన్నాడు. "పక్కనే మగవి రెండున్నాయి. బక్కవి. పిల్లతల్లికే కొవ్వుంటుంది. ఇంట్లో మీ వదిన రెండు రోజుల నుంచి బిడ్డకి పాలు పట్టలేక ఏడుస్తోంది. నువ్వైతే ఏం చేసేదానివి?"

అతని ముఖం చూస్తే, ఈ ప్రశ్న మూడు వారాలుగా ఎవరైనా అడుగుతారని ఎదురుచూసినట్టుంది.

వదినకి పాలు పడ్డాయి. పులుసు వల్లో, రోజులు గడవడం వల్లో.

జూన్ 26, శుక్రవారం

మధ్యాహ్నం ఇంజనీరమ్మ వచ్చింది. వచ్చేముందు ఇంకో రెండు పుర్రెలు అందాయి. ఒకటి నిజంగానే మగది. ఆ ఒక్కటి రాస్తుంటే చేతికి ప్రాణం వచ్చినట్టయింది.

నాలుగింటికి బడిలో అందరూ కూర్చున్నారు. ఆవిడ రిజిస్టరు తిరగేసి, కళ్ళజోడు తీసి, ఈ ఏటి మీద పదకొండు ఊళ్ళున్నా ఇంత చక్కని పుస్తకం ఎక్కడా లేదంది. అందరూ నా వైపు తిరిగారు. అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత ఆవిడ నల్లబల్ల మీద రాసింది. వచ్చే ఏటికి ముప్పై. అందులో ఆడవి పది.

"ఆడవాటిని వదిలేయడం నేర్చుకున్నారు మీరు. ఏప్రిల్ తర్వాత పుస్తకంలో ఒక్కటే ఆడది. ఇలా వదిలేస్తే మంద పెరుగుతుంది, అందుకే పెంచమంటున్నా. రేపు ఉదయం ఏడింటికి మీరు చేతులెత్తితే ఇది ఖాయం. నెరీదా, జూన్ సంగతి నువ్వు చదువు."

లేచాను. రిజిస్టరు అందుకున్నాను.

"జూన్ నెలలో తొమ్మిది. తొమ్మిదీ మగవే. మన వేటగాళ్ళ విచక్షణ ప్రశంసనీయం."

విచక్షణ అన్న మాట నిన్న రాత్రి నుంచీ దాచిపెట్టుకున్నాను. పలుకుతుంటే ఇప్పటికీ రుచిగానే ఉంది.

వెనక బెంచీలోంచి సెరాపియో నాయన లేచాడు.

"ఇంజనీరమ్మా, పెంచొద్దు. ఎగువన మందలు లేవు. నేను నాలుగుసార్లు వెళ్ళా. ఒక మంద దొరికింది, అందులో పిల్లని మోసేది ఒక్కటే ఉంది."

"తుపాకీ లేని వేటగాడికి కోతులెందుకు పలుకుతాయి బావా?" అన్నాడు ఇల్దెబ్రాందో మామయ్య. "నిన్ను చూసి చెట్ల మీదే నవ్వుకుంటున్నాయేమో."

"తుపాకీ ఇచ్చేద్దాం పెద్దాయనకి," అన్నాడు ఊరిపెద్ద. "చేసింది ఒక్క తప్పే. అదీ తనే చెప్పుకున్నాడు. ఎవరికైనా అభ్యంతరమా?"

"నాకుంది," అన్నాడు సెరాపియో నాయన. "నేను కొట్టింది ఆడదే. నవంబరు దాకా ఉండనీ. నేనడిగేది అది కాదు."

ఇంజనీరమ్మ మెత్తగా మాట్లాడింది. నాలుగు నడకలు చూసి చెప్పలేమంది, కోతులు మేతకి చోటు మారతాయంది. ఆయన ఓపిగ్గా విన్నాడు. తర్వాత నా వైపు చూశాడు. కోపంగా కాదు, దారి తప్పినవాడు తెలిసినవాళ్ళని అడిగినట్టు.

"అమ్మాయేమంటుంది?"

అప్పుడు చెప్పి ఉండొచ్చు. నోరు తెరిచాను కూడా.

"రిజిస్టరులో అలా లేదు నాయనా," అన్నాను.

"అయితే నా చెవులే అయ్యుంటాయి," అని కూర్చున్నాడు. బయటికి వస్తూ ఎవరితోనో, రేపు తను రానని, బుట్టలు ఎత్తాలని చెప్పాడు. రేపు అడ్డు చెప్పేవాళ్ళు ఎవరూ ఉండరు. ముప్పైకి చేతులు లేస్తాయి. పది ఆడవి కొట్టొచ్చని కాగితం మీద ఉంటుంది, దానిపైన మగవని రాయించుకునే ఆడవి కూడా ఉంటాయి. ఎగువన పిల్లని మోసేది ఒక్కటుంది.

అదే రోజు, ఇంకా వెలుతురుంది

ఇంటి నిచ్చెన మెట్ల మీద కూర్చుని రేపు చెప్పాల్సిన వాక్యం రాశాను. పదకొండుసార్లు రాశాను. ప్రతిదీ బాగుంది. ఒకదానిలో అడవి ఏడుస్తోంది. ఒకదానిలో నా చెయ్యి నాది కాదు. ఒకదానిలో వదిన పాల గురించి ఉంది, అది వింటే నన్ను ఎవరైనా క్షమిస్తారు. పదకొండూ కొట్టేశాను. మిగిలింది ఇది:

అన్నయ్య కొట్టింది ఆడది. అది నాకు తెలుసు. మగ అని నేను రాశాను. ఇంకా ఐదు అలాగే రాశాను.

ముందు ఇంజనీరమ్మ దగ్గరికి వెళ్దామనుకున్నాను. ఆవిడకి చెప్పడం తేలిక. ధైర్యవంతురాలివి అంటుంది, ఆవిడకి మంచి మాటలు వచ్చు. అందుకే ఆవిడ దగ్గరికి ముందు వెళ్ళను. దాచిపెట్టినందుకు తుపాకీ ఏడాది పోతుంది. పోయేది అన్నయ్యది, ఇంట్లో నాలుగు వారాల బిడ్డ ఉంది. మిగతా ఐదుగురివీ పోతాయి, రేవులో నాతో నవ్వేవాళ్ళు ఎవరూ ఉండరు. అది రాసుకుని చూశాను. చూసినా నిజం మారలేదు.

రేపు:

అన్నయ్య నాలుగింటికి లేస్తాడు. ముందు అతనికి చెప్పాలి, వేరేవాళ్ళ నోట వినకూడదు. తర్వాత సెరాపియో నాయన దోనె విప్పకముందే ఆయన రేవుకి వెళ్ళాలి. మీ చెవులు బాగానే ఉన్నాయని చెప్పి, సభకి రమ్మని అడగాలి. రానంటే బతిమాలాలి. ఆరింటికి బడి. రిజిస్టరులో దిద్దకూడదు, చెరపకూడదు, అడ్డగీత కొట్టి పక్కన పేరు రాయాలి. ఆరు గీతలు. పక్కన నా పేరే. మిగతా వేటగాళ్ళ సంగతి వాళ్ళే చెప్పుకోవాలి, తప్పుడు రాత మాత్రం నాది. ఏడింటికి గంట మోగి అందరూ కూర్చున్నాక, ఎవరూ చెయ్యెత్తకముందు లేవాలి.

మూడున్నరకి మేలుకోవాలి. నిచ్చెన కింది మెట్టు మీద కూర్చుంటాను. నన్ను దాటకుండా అన్నయ్య దిగలేడు.